బోనులో పాలపిట్ట, ఘాట్ రోడ్డులో కోతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అడవినీ పక్షులనూ కాపాడే పనిలో జంతువుల గురించి తెలుసుకోవడం ఎంత అవసరమో, మనుషులు ఎందుకు అలా నడుచుకుంటారో తెలుసుకోవడం కూడా అంతే అవసరమని గత సంచికలో రాశాను. సబ్బులూ టీ పొడీ అమ్మేవారు వాడే మెలకువలను ఈ పనికి ఎందుకు వాడుకోకూడదని కూడా అడిగాను. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పాఠశాల తరఫున ఏటా వన్యప్రాణి వారోత్సవాల్లో ర్యాలీ తీస్తాము, పోస్టర్లు అతికిస్తాము, వ్యాసరచన పోటీలు పెడతాము. అయినా శ్రీశైలం రోడ్డులో కార్లు ఆపి కోతులకు చిరుతిళ్ళు వేయడం, ఖాళీ ప్యాకెట్లు అక్కడే పారేయడం ఆగడం లేదు. ఇంత చెప్పినా జనంలో చైతన్యం ఎందుకు రావడం లేదు?
– ఒక ఉపాధ్యాయిని, అచ్చంపేట

జవాబు: టీచర్ గారూ, మీ శ్రమను తక్కువ చేయడం లేదు కానీ, ముందుగా ఒక్క విషయం చూడండి. మీ ర్యాలీ అచ్చంపేట బజారులో నడుస్తుంది. కోతులకు మేత వేసేవారిలో ఎక్కువమంది శని, ఆదివారాల్లో హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే కుటుంబాలవారు. వారు మీ పోస్టరును ఎన్నడూ చూడలేదు. జబ్బు ఒకరిదైతే మందు మరొకరికి పోస్తున్నాము. మార్కెటింగ్ తెలిసినవారు వేసే మొదటి ప్రశ్న ‘ఏం చెప్పాలి’ అన్నది కాదు, ‘ఎవరికి చెప్పాలి’ అన్నది.

రెండో సంగతి, తెలియకపోవడం వల్లనే జనం ఇలా చేస్తున్నారన్న మన నమ్మకం. నేను సమాజశాస్త్రం బోధించే రోజుల్లో ఒకసారి విద్యార్థులతో కలిసి మన్ననూర్ అటవీ చెక్‌పోస్టు దాటిన తరువాత రోడ్డు పక్కన నిలబడి, కారు ఆపినవారిని కసరకుండా, ఎందుకు ఆపారో మాత్రమే అడిగాము. శనివారం కదా, ఆంజనేయస్వామికి పెట్టినట్టే అన్నారు కొందరు. పిల్లలు సరదా పడుతున్నారన్నారు మరికొందరు. ఒక పెద్దావిడ కొంగులో మరమరాలు పట్టుకుని, ‘ఎండాకాలం బిడ్డా, ఈ ఎండిన అడవిలో వాటికి ఏం దొరుకుతది’ అన్నది. ఆమె చేతిలో ఉన్నది దయ. ఆ దయను తప్పు పట్టే బోర్డు ఏది పెట్టినా ఆమెకు కోపమే వస్తుంది. ముగ్గురిదీ ఒకే పని, కారణాలు మాత్రం మూడు. ‘కోతులకు ఆహారం వేయరాదు’ అన్న ఒక్క బోర్డు ఈ మూడింటిలో దేనికీ జవాబు చెప్పదు.

మూడోది మనలో చాలామంది చేసే పొరపాటు, నేనూ చేశాను. కొన్నేళ్ళ కిందట ఒక జాతర దారిలో మేము పెద్ద అక్షరాలతో, ‘ఏటా ఈ దారిలో వేలమంది చెత్త పారేస్తున్నారు, సిగ్గుపడదాం’ అని బోర్డు పెట్టాము. మరునాడు పొద్దున వెళ్ళి చూస్తే ఆ బోర్డు కర్రల మొదట్లోనే నీళ్ళ ప్యాకెట్లు, విస్తరాకులు కుప్పగా పడి ఉన్నాయి. చెత్త వేయడానికి చోటు చూపించినట్టయింది. ఎందుకలా జరిగిందో తరువాత చదివిన ఒక పరిశోధన వల్ల నాకు అర్థమైంది. అమెరికాలోని అరిజోనాలో, కోట్ల ఏళ్ళ కిందటి చెట్లు రాళ్ళుగా మారిన జాతీయ వనం ఒకటి ఉంది. సందర్శకులు ఆ రాతి కలప ముక్కలను జేబులో వేసుకుని పోతుంటారు. రాబర్ట్ సియాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అక్కడి దారుల్లో గుర్తు పెట్టిన ముక్కలను ఉంచి, బోర్డు మాట మార్చి మార్చి చూశారు. ‘గతంలో చాలామంది ముక్కలు తీసుకుపోయారు, దానివల్ల వనం పాడైంది’ అన్న బోర్డు ఉన్న రోజుల్లో నూటికి దాదాపు 8 ముక్కలు మాయమయ్యాయి. ‘దయచేసి ముక్కలు తీయవద్దు’ అని మాత్రమే చెప్పినప్పుడు నూటికి 2 కూడా పోలేదు. 2003లో ప్రచురించిన ఈ ఫలితాలను బట్టి చూస్తే, అందరూ చేస్తున్నారని చెప్పడమంటే, మందలిస్తున్నట్టు కనిపిస్తూనే, చేయవచ్చునని లోలోపల అనుమతి ఇవ్వడమే. మన పిల్లలమర్రినే తీసుకోండి. ఆ మహావృక్షం మీద పేరు చెక్కినవారు చాలామంది, అంతకుముందు చెక్కిన పేరు చూసే చెక్కారు. చివరికి చెదలు కూడా పట్టడంతో 2018లో ఆ చెట్టుకు సెలైన్ సీసాలతో మందు ఎక్కించవలసి వచ్చింది.

ఇక ఏం చేయవచ్చునంటే, ముందుగా మీ విద్యార్థులను ఒక ఆదివారం ఉదయం అటవీ సిబ్బంది అనుమతితో చెక్‌పోస్టుకు అవతల సురక్షితమైన చోట కూర్చోబెట్టి, నూరు కార్లలో ఎన్ని ఆగుతున్నాయో లెక్క రాయించండి. నేను చూసినంతవరకు ఆగేవాటికంటే ఆగకుండా పోయేవే ఎక్కువ. మీ లెక్కలోనూ అదే తేలితే, ‘ఈ దారిన వెళ్ళేవారిలో ఎక్కువమంది కోతుల కోసం ఆగరు’ అన్న మాటను చెక్‌పోస్టు దగ్గరే, వాహనాలు ఎలాగూ ఆగే ఆ రెండు నిమిషాల్లో చెప్పండి. అది నిజమైతేనే చెప్పాలి. లెక్క వేరుగా వస్తే ఆ మాట వాడకూడదు. కొంగులో మరమరాలు పట్టుకున్న ఆ పెద్దావిడకు మాత్రం వేరే దారి చూపాలి. మేత కోసం రోడ్డు మీదికి అలవాటు పడిన కోతి పిల్లలు ఏ లారీ కింద పడతాయో ఆమెకు చెప్పి, ఎండాకాలంలో అటవీశాఖ అడవిలో నింపే నీటి తొట్లకు పది రూపాయలు వేసే డబ్బా ఒకటి అక్కడే అనుమతితో పెట్టించగలిగితే, ఆమె పుణ్యం ఆమెకు దక్కుతుంది, కోతి అడవిలోనే ఉంటుంది.

ప్రశ్న: ఈ మెత్తని మాటలన్నీ ఎందుకు? భారీగా జరిమానా వేస్తే అందరూ దారికి వస్తారు కదా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, నాగర్‌కర్నూల్

జవాబు: జరిమానా అవసరమే. వేటగాడిని బతిమాలి మార్చాలని నేను ఎన్నడూ అనలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉన్నది అందుకే. కానీ చిన్న తప్పులకు చిన్న జరిమానా వేసినప్పుడు ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో, సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని శిశుసంరక్షణ కేంద్రాలు జరిమానా పెట్టి చూశాయి. ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి, జరిమానా ఎత్తివేసిన తరువాత కూడా పాత స్థాయికి దిగలేదు. అంతకుముందు ‘ఆయమ్మ మన కోసం ఎదురు చూస్తున్నది’ అని మొహమాటపడినవారు, డబ్బు కడుతున్నాము కదా అని నిశ్చింతగా ఉండసాగారు. ఈ పరిశోధన 2000 సంవత్సరంలో వెలువడింది. ప్యాకెట్ పారేసినందుకు యాభై రూపాయలంటే, కారులో వచ్చినవారికి అది పారవేసే హక్కుకు చెల్లించే ధరలాగా తోచవచ్చు. జరిమానా వేస్తే నొప్పి తెలిసేంత ఉండాలి, ప్రతిసారీ పడాలి. ఆ రెండూ కుదరని చోట మొహమాటాన్ని చంపుకోకుండా ఉండడమే మేలు.

ప్రశ్న: దసరా నాడు మా పట్టణంలో గుడి దగ్గర పాలపిట్టను బోనులో పెట్టి, చూసినందుకు పదో ఇరవయ్యో తీసుకుంటారు. అది నేరమని చెబితే మా నాయనమ్మ, ‘దసరా నాడు పాలపిట్టను చూడొద్దంటవా’ అని కోప్పడింది. మా మిత్రబృందం ఈసారి ఏదైనా చేయాలనుకుంటున్నది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: మీ నాయనమ్మ మాటతోనే మొదలుపెట్టండి. ఆమెకు మీరు వినిపించింది ‘చూడవద్దు’ అన్న మాట. మీరు చెప్పదలచుకున్నది ‘పట్టవద్దు’ అని. ఈ రెండింటి మధ్య దూరంలోనే మీ పనంతా ఉంది.

ఆచారం ఏమిటో ఆమెనే అడిగి తెలుసుకోండి. దసరా సాయంత్రం ఊరంతా పొలిమేర దాకా జమ్మి చెట్టుకు నడిచి వెళ్ళేది. ఆ దారిలో చేల గట్ల మీద పాలపిట్ట కనిపిస్తే ఆ ఏడాది శుభమనుకునేవారు. తిరిగి వచ్చి జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కేవారు. పక్షి తన చోట ఉండేది, మనిషే దాని దగ్గరికి వెళ్ళేవాడు. పట్టణం పెరిగి పొలిమేర దూరమై, నడిచే తీరిక పోయిన తరువాత, పక్షినే మనిషి దగ్గరికి తీసుకొచ్చే వ్యాపారం పుట్టింది. అంటే బోను ఆచారం కాదు, ఆచారానికి దొరికిన అడ్డదారి. ఈ మాటను మీరు చెబితే కుర్రకారు మాట అవుతుంది. మీ నాయనమ్మ తన చిన్ననాటి దసరాను గుర్తు చేసుకుంటూ చెబితే పది ఇళ్ళు వింటాయి. ఆమె మాటను ఫోనులో రికార్డు చేయండి.

నేను ఒకసారి అటువంటి బోనును దగ్గరగా చూశాను. ఇనుప తీగల పెట్టెలో మూల నక్కి, గోధుమరంగు మెడ లోపలికి ముడుచుకుని, కాలికి దారంతో కూర్చున్న ఆ పిట్టను చూసి, ఒక చిన్నపిల్ల ‘నీలం రంగు అన్నారు కదా, ఏదీ?’ అని తండ్రిని అడిగింది. ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న. పాలపిట్ట రెక్క ముడుచుకుని కూర్చున్నప్పుడు దాని అందం చాలావరకు లోపలే ఉండిపోతుంది. రెక్క విప్పినప్పుడే ఆ ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా కనిపిస్తాయి. డబ్బు ఇచ్చి బోనులో చూసినవారు నిజానికి పాలపిట్టను చూడలేదు. మీ ప్రచారానికి ఇంతకంటే బలమైన మాట నాకు తోచడం లేదు: ‘ఎగిరే పాలపిట్టను చూద్దాం’. ఇందులో నేరం, శిక్ష, వద్దు అన్న మాటలు లేవు. మంచిదాన్ని చూపి, దానికి రమ్మని పిలవడం ఉంది.

గుజరాత్ తీరంలో ఇటువంటి పనే జరిగింది. తిమింగల సొరచేపను అక్కడి జాలరులు కాలేయ నూనె కోసం, మాంసం కోసం వేటాడేవారు. 2001లో దానికి చట్టరక్షణ వచ్చింది కానీ, చట్టం సముద్రం మీదికి వెళ్ళి నిలబడలేదు కదా. 2004లో భారత వన్యప్రాణి ట్రస్టు, మరికొందరితో కలిసి ప్రచారం మొదలుపెట్టి, రామకథ చెప్పే మొరారి బాపును ఆ చేప తరఫున మాట్లాడమని కోరింది. ఆయన ఆ చేపను పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డతో పోల్చాడు. ఆడబిడ్డను ఎవరైనా చంపుకుంటారా అని అడిగాడు. ‘పీపా’ అన్న అర్థంలో పిలిచే చేపకు, ‘ప్రియమైనది’ అనే అర్థంలో ‘వ్హాలీ’ అన్న పేరు వచ్చింది. వలలో చిక్కితే వలనే కోసి వదిలిపెట్టడం మొదలైంది. ఇక్కడ ఒక సంగతి మరవకూడదు. కోసిన వలకు ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా జరిగింది. మాట మనసును కదిలించింది, పరిహారం ఆ మనసును నిలబెట్టింది.

ఇందువల్ల మీరు పక్షిని పట్టేవారి దగ్గరికి కూడా వెళ్ళాలి. ఏడాదిలో ఒక్కరోజు నాలుగు రూపాయలు కళ్ళజూసే పేదవారు వారు. పిట్ట ఏ పొలం తీగ మీద కూర్చుంటుందో వారికి తెలిసినంతగా మనలో ఎవరికీ తెలియదు. పట్టణం చుట్టూ పది కిలోమీటర్లలో పాలపిట్టలు కనిపించే చోట్లకు దసరా ఉదయం కుటుంబాలను తీసుకుపోయి చూపించే పనిని, దానికి తగిన కూలి ముందే మాట్లాడుకుని, వారికే ఇవ్వండి. కల్లుగీసే గౌడన్నలను కూడా కలవండి. మోడైన పాత తాటిచెట్టు తొర్రలో ఈ పిట్ట గూడు పెడుతుంది, కాబట్టి ఎండిపోయిన తాటిచెట్టును వెంటనే కొట్టేయకుండా ఉంచడం ఎంత ముఖ్యమో వారితోనే చెప్పించవచ్చు. గుడి పూజారిని వినాయకచవితి నాటికే కలవండి. దసరా ముందు రోజు కలిస్తే ఆయనకు మిమ్మల్ని వినే తీరిక ఉండదు. అప్పటికీ బోను కనిపిస్తే అటవీశాఖకు చెప్పవలసిందే. దెబ్బతిన్న రెక్కలతో ఉన్న పిట్టను మీరే గాలిలోకి ఎగరేసి ఫొటో దిగకండి, అది కింద పడి చస్తుంది. సిబ్బందికి అప్పగించండి.

చివరగా, లెక్క. ఈ దసరాకు ఏ పనీ మొదలుపెట్టకముందే ఏ గుడి దగ్గర ఎన్ని బోనులు ఉన్నాయో రాసుకోండి. మీరు పనిచేయని పొరుగు పట్టణంలోనూ లెక్కించండి. వచ్చే దసరాకు రెండు చోట్లా మళ్ళీ లెక్కించండి. రెండు చోట్లా ఒకేలా తగ్గితే అది మీ ఘనత కాదు. మీ దగ్గరే తగ్గితే, మీరు చేసినదాన్ని మిగతా జిల్లాలు తీసుకోవచ్చు. ఎంతమంది వీడియో చూశారు, ఎంతమంది మెచ్చుకున్నారు అన్నవి బోనుల లెక్కకు బదులు కావు. తెలంగాణతో పాటు కర్ణాటక, ఒడిశాలకు కూడా రాష్ట్రపక్షి అయిన ఈ పిట్ట సంఖ్య దేశంలో తగ్గుతున్నదని 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక చెప్పింది. అందువల్ల లెక్క విషయంలో మనల్ని మనం మోసం చేసుకోకూడదు.

ప్రశ్న: నేను దుకాణం నడుపుతాను. మార్కెటింగ్ అంటే అవసరం లేనిది అంటగట్టడమని మాకు తెలుసు. ప్రకృతిని కాపాడే పవిత్రమైన పనికి ఆ విద్య ఎందుకు?
– ఒక వ్యాపారి, కొల్లాపూర్

జవాబు: మీ అనుమానం న్యాయమైనది. కానీ ఈ విద్య మనకు కొత్తది కాదు. కుటుంబ నియంత్రణ ప్రచారంలోని ఎర్ర త్రికోణం గుర్తు, ‘మేమిద్దరం, మాకిద్దరు’ అన్న మాట మీకు గుర్తుండే ఉంటాయి. 1968లో ప్రభుత్వం నిరోధ్ అనే కండోమ్‌ను టీ, సబ్బు కంపెనీల పంపిణీ దారుల్లోనే పల్లె దుకాణాలకు చేర్చింది. దీనికి ‘సోషల్ మార్కెటింగ్’ అన్న పేరును కోట్లర్, జాల్ట్‌మన్ అనే పండితులు 1971లో పెట్టారు. పోలియో ‘రెండు చుక్కలు’ కూడా ఈ దారిలోనే ఇంటింటికీ చేరాయి. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు. కాబట్టి విద్యను తప్పు పట్టలేము.

అయితే అదే కుటుంబ నియంత్రణ ఎమర్జెన్సీ కాలంలో బలవంతపు ఆపరేషన్లుగా మారినప్పుడు ఏం జరిగిందో కూడా మన పెద్దలకు తెలుసు. ఒప్పించడం, ఒత్తిడి చేయడం ఒకటి కావు. మీ దుకాణంలో సరుకు నచ్చకపోతే మనిషి కొనకుండా వెళ్ళిపోగలడు. మా ప్రచారం విన్న మనిషికి కూడా ఆ స్వేచ్ఛ ఉండాలి, మేము చెప్పే ప్రతి మాటా నిజమై ఉండాలి. ఈ రెండూ తప్పినచోట నేను మీ పక్షమే.

ప్రశ్న: మాది నల్లమల అడవిలోని చెంచు పెంట, అంటే చెంచు గిరిజనుల చిన్న ఊరు. అడవి గురించి ఏ పోస్టరు చూసినా పెద్దపులి బొమ్మే ఉంటుంది. పులి పేరు వినగానే మా వాళ్ళకు ఊరు ఖాళీ చేయమంటారన్న భయం పుడుతుంది. ఒంటి నిండా పొలుసులుండే అలుగు, ఉడుము, తాబేలు, ముఖ్యంగా మేము, ఈ ప్రచారంలో ఎక్కడ ఉన్నాము?
– ఒక విద్యార్థి, అమ్రాబాద్ మండలం

జవాబు: తమ్ముడూ, ఈ నెల ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది నీ ఉత్తరమే. పులి బొమ్మ వాడడానికి కారణం ఉంది. ఒక జంతువును జెండాలా ముందు నిలబెడితే జనం తొందరగా గుర్తుపడతారు, నిధులు వస్తాయి, దాని నీడలో మిగతా అడవి కూడా కొంత బతుకుతుంది. కానీ ఏ బొమ్మ అయినా చూసేవారిని బట్టి అర్థం మారుతుంది. హైదరాబాద్‌లో పులి బొమ్మ గర్వం పుట్టిస్తుంది. మీ పెంటలో అదే బొమ్మ తరలింపు నోటీసులా కనిపిస్తుంది. ఇద్దరికీ ఒకే పోస్టరు అతికించడం ప్రచారం చేసేవారి తప్పు. పులుల అభయారణ్యం నుంచి తరలింపు స్వచ్ఛందంగా, గ్రామసభకు అన్నీ వివరించి సమ్మతి తీసుకున్న తరువాతే జరగాలని చట్టమే చెబుతున్నది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా మీకు అండగా ఉంది. ఆ మాట దాచిపెట్టి చేసే ఏ ప్రచారమూ మీ దగ్గర నిలవదు, నిలవకూడదు.

అందమైన పెద్ద జంతువే కావాలన్నది కూడా నిజం కాదు. అస్సాంలో ‘హర్గిలా’ అనే బోడి తల పెద్ద కొంగను, దుర్వాసన భరించలేక జనం అసహ్యించుకుని, అది గూడు కట్టిన చెట్లను నరికేసేవారు. పూర్ణిమా దేవి బర్మన్ అనే జీవశాస్త్రవేత్త ఆ ఊళ్ళ ఆడవారిని కూడగట్టి, కొంగ గుడ్లు పొదిగే కాలంలో మనింటి ఆడపిల్లకు చేసినట్టే సీమంతం చేయించింది. వారు నేసే బట్టల మీదికి ఆ కొంగ బొమ్మను తెచ్చింది. ఆ బట్టలు అమ్మిన డబ్బు ఆ ఆడవారిదే. ఇప్పుడు అక్కడ ఆ కొంగ గూడు ఊరికి గౌరవం. 2022లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం ఆమెకు దక్కింది.

మీ దగ్గర కూడా ఇది నిరూపణ అయింది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా జరిగిన ఉద్యమంలో పులి ఒక్కటే మాట్లాడలేదు. మీ పెంటలవారు రోడ్డు మీదికి వచ్చారు. కృష్ణ నీళ్ళు చెడిపోతే తాగేది మేమే కదా అని హైదరాబాద్ నగరం ఉలిక్కిపడింది. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అడవిని తమ బతుకుతో ముడిపెట్టి చూసినప్పుడు దూరాన ఉన్నవారు కూడా కదిలారు.

మీ అడవిలోని సలేశ్వరం జాతరనే చూడు. చైత్ర పౌర్ణమికి లోయలోకి దిగే వేలాది భక్తులకు, లింగమయ్య దగ్గర పూజ చేసే చెంచు పెద్ద చెప్పే మాటకు ఉన్న విలువ ఏ అధికారి మైకుకూ ఉండదు. అయినా ప్రచారానికి మాటలు రాసేటప్పుడు ఆయనను అడిగినవారిని నేను చూడలేదు. అటవీశాఖ బేస్ క్యాంపుల్లో అడవిని కాపలా కాస్తున్న మీ యువకుల ముఖాలు కూడా పోస్టర్ల మీద ఉండవలసినవే, అదీ వారి ఇష్టంతో, వారు చెప్పిన మాటతో.

నీకు ఒక పని చెబుతాను. మీ పెంటలో పెద్దవారి దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుని, వారి చిన్నతనంలో కనిపించి ఇప్పుడు అరుదైన జంతువులు, చెట్లు, తేనె పట్టు పెట్టే బండలు ఏవో, వాటికి మీరు పిలిచే పేర్లు ఏవో రాయి. ఏది బయటివారికి చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్నది కూడా వారినే తేల్చమను, ఎందుకంటే అలుగు ఉండే చోటు అచ్చులో కనిపిస్తే మొదట చదివేది వేటగాడే. వారు సరేనన్న భాగం మాత్రం నాకు పంపు. వచ్చే సంచికలో ఈ శీర్షిక చోటంతా దానికే ఇస్తాను, మీ పెంటలో మాట్లాడే మాటల్లోనే.